చేపు

బ్రెజీలియాలో ఆగస్టు.
వాన మొహం చూసి నూరు రోజులు దాటింది.
పెదవులు పగిలాయి. ఆకుల్లేని ఈపె చెట్లు మాత్రం
ఏం తాగాయో ఏమో, ఒళ్లంతా పసుపు.
ఎర్రమట్టి దుమ్ము మా బండి అద్దం మీద.
బండీ ఎరుపే, అగ్నిమాపక దళానిది.
మంగళవారాలు మాత్రం నేను మంటలార్పను,
పాలు పోగుచేస్తాను.

నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వాను.
పద్దెనిమిదేళ్లు నీళ్ల గొట్టం పట్టిన చేతులు
ఇప్పుడు ఖాళీ కాఫీపొడి సీసాల్లో గడ్డకట్టిన పాలని
పిట్టగుడ్లలా ఐసుపెట్టెలో సర్దుతున్నాయి.
మూత ప్లాస్టిక్‌దే ఉండాలి. పావుగంట నీళ్లలో మరగాలి.
చీటీ సరిగ్గా రాయని సీసా తీసుకోను,
ఎంత బతిమాలినా.

సెయిలాండియాలో నీలం గేటు ఇల్లు.
జుసీలియా, పదిరోజుల బాలింత.
పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు,
వాడితోపాటు ఆమే.
"నాకు పాలు లేవు."
"ఉన్నాయి," అంది నర్సు డల్వనీరా,
"వీడికి ఇంకా అడగడం రాలేదు, అంతే."
నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. చెవుల్ని తిప్పలేను కదా.

"మొన ఒక్కటే అందిస్తే నములుతాడు, తాగడు.
వాడి ముక్కుకెదురుగా పెట్టు. ఆగు.
ఆవులించినంత నోరు తెరవనీ.
ఊఁ, ఇప్పుడు! వాణ్ణి నీ దగ్గరికి తెచ్చుకో,
నువ్వు వంగకు.
గడ్డం రొమ్ముకి ఆనాలి. కింది పెదవి బయటికి విచ్చుకోవాలి."

ఏడుపు తెగింది.
గబగబా చప్పరింపులు కాసేపు.
తర్వాత నెమ్మదించి, ఒక గుటక.
ఆగి, ఇంకొకటి.
"అమ్మో, ఈ రెండోవైపు చొక్కా తడిసిపోతోంది!"
"చేపింది," అంది నర్సు. అంతే అంది.

బండిలో దారంతా చెబుతూనే ఉంది డల్వనీరా:
"కుండ అనుకుంటారు, నిండేదాకా ఆగుతారు.
నిండిన రొమ్ము ఇక చాలనుకుంటుంది,
ఖాళీ అయినదే ఇంకా కావాలనుకుంటుంది.
బిడ్డ చప్పరిస్తే ఆ కబురు వెన్నులోంచి మెదడుకి పోతుంది.
అక్కడ శనగగింజంత గ్రంథి, రెండు జవాబులు పంపుతుంది.
నెత్తురులోంచి పాలు చెయ్యమని ఒకటి, అది రాత్రుళ్లు మహా చురుకు.
చేసింది బయటికి నెట్టమని రెండోది.
అది సిగ్గరి. నొప్పికీ దిగులుకీ దాక్కుంటుంది.
ఆ పిల్ల ఏడుస్తోంటే ఎలా వస్తుంది చెప్పు?
రోజుకి ఆరు గుడ్డలు తడిపితే వీడికి చాలుతున్నట్టే."

"అసలు మొదలుపెట్టమని ఎవరు చెబుతారు?" అన్నాను.
"మాయ," అంది. "అది పడిపోవడమే ఆజ్ఞ.
బిడ్డ ఉన్నాడా లేడా అని
ఒళ్లు ఎవర్నీ అడగదు."

తర్వాతి ఇల్లు ఎడ్నేయాది.
బండి దిగాక అర్థమైంది
నర్సు అప్పటిదాకా ఎందుకు మాట్లాడిందో,
ఇప్పుడెందుకు మాట్లాడటం లేదో.

మూడు సీసాలు. అంచుదాకా.
ఉయ్యాల లేదు, ఆరేసిన గుడ్డల్లేవు.
ముర్రుపాలు రెండు చుక్కలు నాలుకకి రాసేలోపే
వెళ్లిపోయాడట.
పాలు మూడోరోజుకి వచ్చాయట, చెప్పిన వేళకి.
చీటీ మీద తేదీ ఉంది. పేరుంది.
బిడ్డ వయసు అన్నచోట
గుండ్రటి అక్షరాలతో ఆమె రాసింది:
ఇరవై ఆరు రోజులు.

నేను సీసాలు తీసుకున్నాను.

ఆసుపత్రిలో తొమ్మిది వందల గ్రాముల మనిషి ఒకామె ఉంది.
మూడు గంటలకోసారి, సన్నటి గొట్టంలోంచి,
చెంచాలో పావువంతు.
ఆమెకోసం ఎర్రబండిని
నిండు బిందెలా నడుపుతున్నాను.

రేడియో అరిచింది. ఊరి చివర గడ్డి అంటుకుందట.
మావాళ్ల బండి సైరన్ వేసుకుని వెనకాలే వస్తోంది.
పక్క కారులో ఎవరో ఒకావిడ
ఆ కూతకి ఉలిక్కిపడి
రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుంది.

నేను పక్కకి జరిగి దారిచ్చాను.